ఇంట్లో కంప్యూటర్ ఆన్ కానప్పుడు: లోప నిర్ధారణ

9.1 ‘ఆన్ కావడం లేదు’ అంటే ఏమిటి?

‘సార్, మా కంప్యూటర్ ఆన్ కావడం లేదు’ అని చెప్పే విద్యార్థిని నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ‘ఆన్ కావడం లేదంటే ఏం జరుగుతోంది?’ ఈ ప్రశ్నకు చాలామంది తడబడతారు. కారణం, ఆ ఒక్క మాట వెనుక కనీసం నాలుగు వేర్వేరు పరిస్థితులు దాగి ఉన్నాయి. మీట నొక్కితే ఏ చలనమూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోవడం రెండోది. తయారీదారు గుర్తు కనిపించి, తెల్ల అక్షరాలతో ఏదో సందేశం వచ్చి ఆగిపోవడం మూడోది. విండోస్ గుర్తు వచ్చి, చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండి ముందుకు సాగకపోవడం నాలుగోది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, చికిత్సలు వేరు. నాలుగో పరిస్థితిలో ఉన్న యంత్రానికి పవర్ కేబుల్ మార్చడం, మొదటి పరిస్థితిలో ఉన్నదానికి విండోస్ మళ్లీ ఎక్కించాలనుకోవడం రెండూ వృథా శ్రమే.

ఒక చిన్న మాట. మన ఇళ్లలో టేబుల్ కింద ఉండే ఇనుప పెట్టెను అందరూ ‘సి.పి.యు.’ అంటారు. సాంకేతికంగా సి.పి.యు. అంటే లోపల ఉండే ప్రాసెసర్ మాత్రమే. ఈ పాఠంలో ఆ పెట్టెను ‘క్యాబినెట్’ అని, లోపలి చిప్‌ను ‘ప్రాసెసర్’ అని వ్యవహరిద్దాం. దుకాణంలో ‘సి.పి.యు. పోయింది’ అని ఎవరైనా అంటే దేని గురించి అంటున్నారో తప్పక అడగండి. రెండింటి ధరల్లో చాలా తేడా ఉంటుంది.

9.2 మీట నొక్కినప్పటి నుంచి తెర వెలిగేదాకా

కంప్యూటర్ ఒక్కసారిగా ఆన్ కాదు. మెట్టు మెట్టుగా లేస్తుంది. ఒక మెట్టు పూర్తయితేనే తరువాతి మెట్టుకు వెళ్తుంది. కాబట్టి చివరిగా కనిపించిన గుర్తు ఏదో తెలిస్తే అది ఎన్నో మెట్టు దగ్గర ఆగిందో చెప్పవచ్చు. లోప నిర్ధారణకు మూలసూత్రం ఇదే. అందుకే ఈ క్రమాన్ని కొంచెం ఓపికగా చదవండి.

గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును క్యాబినెట్‌లోని ఎస్.ఎం.పి.ఎస్. 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మారుస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కంప్యూటర్ ఆపి ఉన్నా, గోడ స్విచ్చు వేసి ఉన్నంతవరకు ఎస్.ఎం.పి.ఎస్. ఊదారంగు తీగ ద్వారా 5 వోల్టులను మదర్‌బోర్డుకు ఇస్తూనే ఉంటుంది. దీన్ని ‘స్టాండ్‌బై’ సరఫరా అంటారు. ఆపిన కంప్యూటర్‌కు తగిలించిన మౌస్ కింద ఎర్రదీపం కొన్ని యంత్రాల్లో వెలుగుతూ కనిపించేది దీనివల్లే.

మీరు ముందున్న మీట నొక్కినప్పుడు అది నేరుగా కరెంటును కలపదు. అది మన ఇంటి కాలింగ్ బెల్ మీటలాంటిది. రెండు చిన్న పిన్నులను క్షణకాలం కలుపుతుంది, అంతే. ఆ సంకేతం అందుకున్న మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ఎస్.ఎం.పి.ఎస్.ను పూర్తిగా పనిచేయమంటుంది. ఎస్.ఎం.పి.ఎస్. తన వోల్టేజీలు స్థిరపడ్డాక, సెకనులో పదో వంతు నుంచి సగం వరకు ఆగి, బూడిదరంగు తీగ మీద ‘సరఫరా బాగుంది’ అనే సంకేతం పంపుతుంది. అది అందేవరకు ప్రాసెసర్‌ను కదలకుండా పట్టి ఉంచుతారు. ఇదంతా ఇంటెల్ సంస్థ 1995లో రూపొందించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణంతో వచ్చిన ఏర్పాటు. అంతకుముందు మీట నిజంగానే కరెంటును కలిపే, తెంచే స్విచ్చు.

సంకేతం అందగానే ప్రాసెసర్ ముందే నిర్ణయించిన ఒక చిరునామా నుంచి మొదటి ఆదేశాన్ని చదువుతుంది. ఆ చిరునామాలో ఉండేది మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో నిక్షిప్తమైన ప్రోగ్రామ్. పాత యంత్రాల్లో దీన్ని బయాస్ అని, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అని అంటారు. అది ముందుగా తన ఇంటిని తాను చూసుకుంటుంది. ర్యామ్ ఉందా, తెరకు బొమ్మ పంపే భాగం ఉందా, కీబోర్డు ఉందా అని పరీక్షిస్తుంది. ఈ స్వీయ పరీక్షనే ‘పోస్ట్’ అంటారు. ఇది గట్టెక్కితేనే తెర మీద గుర్తు కనిపిస్తుంది. ఆ తరువాత డిస్కు కోసం వెతుకుతుంది. పాత పద్ధతిలో డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదివి పగ్గాలు వాటికి అప్పగిస్తుంది. కొత్త పద్ధతిలో డిస్కులోని ఒక ప్రత్యేక విభాగంలో ఉన్న ఫైలును నడుపుతుంది. అక్కడి నుంచి విండోస్ గానీ, లినక్స్ గానీ బాధ్యత తీసుకుంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తెర మీద తయారీదారు గుర్తు స్పష్టంగా కనిపించి ఆగిపోయిన కంప్యూటర్‌లో, పైన చెప్పిన వాటిలో ఏ ఏ భాగాలు దాదాపుగా సక్రమంగా ఉన్నట్టు? తరువాతి విభాగానికి వెళ్లేముందు కాగితం మీద రాయండి.

9.3 ఏ చలనమూ లేనప్పుడు

దీపం లేదు, ఫ్యాను చప్పుడు లేదు. ఇక్కడ స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లకముందే చూడవలసినవి చాలా ఉన్నాయి. నా అనుభవంలో ఈ రకం ఫిర్యాదుల్లో చాలా భాగం క్యాబినెట్ తెరవకుండానే తీరిపోయాయి.

అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు గానీ, ఫోన్ ఛార్జర్ గానీ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డును నమ్మకండి. దాన్ని పక్కన పెట్టి గోడ సాకెట్‌కు నేరుగా తగిలించండి. యు.పి.ఎస్. ఉంటే దాన్ని కూడా తప్పించి చూడండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన యు.పి.ఎస్.లు కొన్ని, కరెంటు ఉన్నప్పుడు కూడా ముందుకు సరఫరా ఇవ్వవు. పవర్ కేబుల్ మీద అనుమానం ఉంటే కొత్తది కొనక్కర్లేదు. చాలా మానిటర్లకు వాడేదీ, క్యాబినెట్‌కు వాడేదీ ఒకే రకం కేబుల్. మానిటర్‌ది తీసి దీనికి పెట్టండి. అప్పుడు లేచిందంటే కేబుల్ దోషమే.

క్యాబినెట్ వెనుక ఎస్.ఎం.పి.ఎస్.కు ఒక స్విచ్చు ఉంటుంది. నిలువు గీత వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు నొక్కి ఉంటే ఆఫ్. ఇల్లు తుడిచేటప్పుడో, పండక్కి బూజు దులిపినప్పుడో అది ఆఫ్ అయిపోవడం నేను చాలాసార్లు చూశాను. పాత ఎస్.ఎం.పి.ఎస్.లలో దీని పక్కనే 115, 230 అని రాసి ఉన్న ఎర్రటి జరుపుడు మీట ఉంటుంది. అది మన దేశంలో ఎప్పుడూ 230 మీదే ఉండాలి. పిల్లలు దాన్ని 115కు జరిపి స్విచ్చు వేస్తే ఎస్.ఎం.పి.ఎస్. ఢామ్మని పేలి పోతుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే, ప్లగ్గు పూర్తిగా తీసేసి ముందున్న మీటను అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిపోయిన విద్యుదావేశం ఖాళీ అవుతుంది. మళ్లీ తగిలించి చూడండి. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది కానీ, కరెంటు హెచ్చుతగ్గుల తరువాత మొరాయించిన యంత్రాలు కొన్ని దీనితో లేస్తాయి. ల్యాప్‌టాప్‌లకు కూడా ఇది వర్తిస్తుంది. అడాప్టర్ తీసి, బ్యాటరీ ఊడేరకమైతే అదీ తీసి ఇలాగే చేయాలి.

ఇప్పుడు క్యాబినెట్ తెరవవచ్చు. తెరిచేముందు ప్లగ్గు తీయడం మరవకండి. మదర్‌బోర్డు మీద చిన్న దీపం ఉండే రకమైతే, మళ్లీ ప్లగ్గు పెట్టినప్పుడు అది వెలుగుతోందో లేదో దూరం నుంచే గమనించండి. వెలిగితే స్టాండ్‌బై సరఫరా అందుతున్నట్టే. అప్పుడు అనుమానించాల్సింది ముందున్న మీటను. దాని తీగలు మదర్‌బోర్డు అంచున ఉన్న రెండు పిన్నులకు తగిలి ఉంటాయి. ఆ తీగ తీసి, పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలిపితే యంత్రం లేచిందంటే, మీట పాడైందని అర్థం. అక్కడ ఉండేది అతి తక్కువ వోల్టేజీ కాబట్టి షాక్ భయం లేదు. అయితే ఏ రెండు పిన్నులో మదర్‌బోర్డు మీద రాసి ఉన్నది చూసుకునే కలపండి. పక్కవాటిని కలిపితే బోర్డు చెడవచ్చు.

దీపం వెలగకపోతే ఎస్.ఎం.పి.ఎస్. వైపు చూడాలి. దాన్ని బోర్డు నుంచీ, మిగతా భాగాల నుంచీ విడదీసి విడిగా పరీక్షించవచ్చు. ప్లగ్గు తీసి ఉంచి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ, ఏదైనా నల్లతీగ రంధ్రాన్నీ ఒక చిన్న తీగముక్కతో కలపాలి. ఆ తరువాతే ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయాలి. ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాను తిరిగితే అది బతికే ఉంది. అయితే ఫ్యాను తిరిగినంత మాత్రాన వోల్టేజీలన్నీ బాగున్నాయని కాదు. మల్టీమీటర్ ఉంటే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉన్నాయో లేదో చూడండి. కొన్ని కొత్త ఎస్.ఎం.పి.ఎస్.లలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి. అలాంటప్పుడు రంగులను బట్టి ఊహించవద్దు, ఈ పరీక్షను తెలిసినవారికే వదిలేయండి.

ఒక విషయంలో మాత్రం మీ ధైర్యాన్ని నేను మెచ్చుకోను. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా మూత తీయవద్దు. 230 వోల్టుల ఏ.సి.ని సరళీకరిస్తే లోపలి పెద్ద కెపాసిటర్ల మీద సుమారు 325 వోల్టుల డి.సి. నిలుస్తుంది. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా అది కొంతసేపు అక్కడే ఉండవచ్చు. ప్రాణాపాయం. పాడైన ఎస్.ఎం.పి.ఎస్.ను మార్చాలే గానీ ఇంట్లో విప్పకూడదు.

ఎర్తింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. క్యాబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమంటోందని చాలామంది అంటారు. ‘కంప్యూటర్లు అంతే’ అని సర్దుకుపోతారు. అది అలా ఉండకూడదు. ఎస్.ఎం.పి.ఎస్. లోపల విద్యుత్ గందరగోళాన్ని వడగట్టే చిన్న కెపాసిటర్లు స్వల్ప విద్యుత్తును క్యాబినెట్ ఇనుముకు పంపుతాయి. అది ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోవాలి. సాకెట్‌లో ఎర్తు లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా అది పోయే దారి మూసుకుపోయి మీ వేళ్లకు తగులుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించండి. ఆ ఖర్చు కంప్యూటర్ కోసం కాదు, ఇంట్లో వాళ్ల కోసం.

9.4 ఫ్యాన్లు తిరుగుతాయి, తెర చీకటి

ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి. ‘నో సిగ్నల్’ అని మానిటర్ తనంతట తాను చూపిస్తోందంటే అది బాగానే ఉంది. బొమ్మ అందడం లేదు, అంతే. క్యాబినెట్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండి, కేబుల్ మాత్రం పైనున్న మదర్‌బోర్డు సాకెట్‌కు తగిలించి ఉండటం సర్వసాధారణమైన పొరపాటు. ఇల్లు మారినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది.

అది కాకపోతే నేను మొదట అనుమానించేది ర్యామ్‌ను. వానాకాలంలో, అందులోనూ సముద్ర తీర ప్రాంతాల్లో, ర్యామ్ అంచున ఉండే లోహపు స్పర్శ తలాల మీద తేమ, దుమ్ము కలిసి పలుచని పొర కడతాయి. డి.డి.ఆర్.4 ర్యామ్‌కు ఇలాంటి స్పర్శ తలాలు 288 ఉంటాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా తగలకపోయినా స్వీయ పరీక్ష అక్కడే నిలిచిపోవచ్చు. ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకుని, రెండు చివరల క్లిప్పులు తెరిచి ర్యామ్‌ను బయటికి తీయండి. పిల్లలు వాడే మెత్తని తెల్లరబ్బరుతో ఆ పసుపురంగు అంచును రెండువైపులా సున్నితంగా రుద్దండి. రుద్దడం బోర్డుకు దూరంగా చేయాలి. రబ్బరు పొడి స్లాటులో పడితే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. పొడి దులిపి, అంచులోని గాడిని స్లాటులోని మిట్టకు సరిచూసుకుని, క్లిప్పులు ‘టక్’మని పడేదాకా నొక్కండి. చాలామంది భయపడి సగమే నొక్కుతారు. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడండి.

బోర్డుకు చిన్న స్పీకర్ ఉంటే అది మాట్లాడుతుంది. ఒక్క చిన్న ‘బీప్’ సాధారణంగా అంతా క్షేమం అనే సూచన. పదేపదే బీప్‌లు వస్తే వాటి సంఖ్య, పొడవు లెక్కపెట్టి రాసుకోండి. వాటి అర్థం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు కరదీపికలోనే చూడాలి. పక్కింటివారి కంప్యూటర్ బీప్‌ల పట్టిక మీకు పనికిరాదు. కొత్త బోర్డుల్లో కొన్నింటికి స్పీకర్ బదులు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు దీపాలు ఉంటాయి. ఆరకుండా నిలిచిన దీపమే ఆచూకీ.

ఇక్కడ పాటించవలసిన పద్ధతి ఒకటి చెప్తాను. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ర్యామ్ తుడిచి, కేబుల్ మార్చి, బ్యాటరీ తీసి, మూడూ కలిపి చేసి స్విచ్చు వేస్తే, యంత్రం లేచినా కారణం తెలియదు. వారం తరువాత మళ్లీ పడుకుంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏమీ తేలకపోతే అన్నీ విప్పేయండి. బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒకే ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఉంచండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా ఉండాలి. అప్పుడు తెర వెలిగితే మిగతావి ఒక్కొక్కటే కలుపుతూ రండి. ఏది కలిపినప్పుడు పడిపోయిందో అదే దోషి.

తెరిచిన క్యాబినెట్‌లో కళ్లతో చూడాల్సినవీ ఉన్నాయి. మదర్‌బోర్డు మీది స్తూపాకారపు కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, జిగురు కారినా బోర్డు ఆయువు తీరినట్టే. 2000 తరువాతి మొదటి కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఈ జబ్బు ప్రపంచమంతటా వచ్చింది. ప్రాసెసర్‌కు దగ్గరలో నాలుగు లేదా ఎనిమిది పిన్నుల మరో పవర్ కనెక్టర్ ఉంటుంది. అది ఊడి ఉన్నా ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం రాదు. ఇక చీమలు, బల్లులు, ఎలుకలు కొరికిన తీగలు అంటారా, వెచ్చగా ఉండే ఏ పెట్టెనూ అవి వదలవు. వెనుక ఖాళీగా ఉన్న రంధ్రాలకు రేకు బిగించి ఉంచండి.

9.5 గుర్తు వచ్చి ఆగిపోయినప్పుడు

ఇంతవరకు వచ్చిందంటే విద్యుత్తు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ దాదాపుగా బాగున్నట్టే. ఇందాక మీరు రాసుకున్న జవాబుతో పోల్చుకోండి.

‘బూట్ చేయదగిన డిస్కు లేదు’ అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే, ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా తగిలించి మరిచిపోయారేమో చూడండి. లేకపోతే సెటప్ తెరలోకి వెళ్లి డిస్కు పేరు అక్కడ కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపిస్తే బూట్ క్రమం తారుమారై ఉండవచ్చు. కనిపించకపోతే డిస్కు కేబుల్ రెండు చివర్లా తీసి మళ్లీ బిగించండి. తేదీ, సమయం ఎప్పుడో పాత సంవత్సరానికి వెళ్లిపోయి, సెట్టింగులు పోయాయని సందేశం వస్తుంటే బోర్డు మీది సి.ఆర్.2032 రకం 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ఇది గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది.

విండోస్ గుర్తు దగ్గర ఆగిపోతుంటే, మన దగ్గర తరచుగా కనిపించే కారణం అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం. వరుసగా కొన్నిసార్లు మధ్యలోనే ఆగిపోతే విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో ‘స్టార్టప్ రిపేర్’ను ముందు ప్రయత్నించి, ఆ తరువాత చివరి అప్‌డేట్‌ను తొలగించడం, సేఫ్ మోడ్‌లో తెరవడం చేయవచ్చు. ‘రీసెట్’ అన్నదాన్ని మాత్రం తొందరపడి నొక్కకండి. కొన్ని కంప్యూటర్లు ఈ దశలో 48 అంకెల బిట్‌లాకర్ సంకేతాన్ని అడుగుతాయి. బిళ్ల బ్యాటరీ తీసి బయాస్ సెట్టింగులు చెరిపిన తరువాత కూడా ఇది అడగవచ్చు. కంప్యూటర్ బాగున్న రోజునే ఆ సంకేతాన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

9.6 ఫార్మాట్ చేయడానికి ముందు

నా దగ్గర పరిశోధన చేసిన ఒక విద్యార్థిని ఇంటి కంప్యూటర్ ఒక ఆగస్టులో నల్లతెరతో ఆగిపోయింది. ఆమె భర్త దాన్ని దగ్గరి దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రవాడు ‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’ అన్నాడు. ఏమేం ఉన్నాయని అడగలేదు, ఇతను చెప్పలేదు. సిద్ధాంత గ్రంథంలోని రెండు అధ్యాయాలు, మూడేళ్ల క్షేత్ర పర్యటనల వివరాలు అందులోనే ఉన్నాయి. ఇంటికి తెచ్చిన నాలుగో రోజున అదే నల్లతెర మళ్లీ వచ్చింది. అసలు దోషం ర్యామ్‌లో ఉంది. నేను ఎర్రసిరాతో దిద్ది ఇచ్చిన పాత చిత్తుప్రతులు ఆమె దాచుకుంది కాబట్టి అధ్యాయాలను మళ్లీ టైపు చేసుకోగలిగింది. పర్యటనల వివరాలలో సగం తిరిగి రాలేదు.

9.2లో చెప్పిన క్రమాన్ని గుర్తు తెచ్చుకుంటే ఆ ఫార్మాట్ ఎంత అర్థరహితమో మీకే తెలుస్తుంది. తెర మీద గుర్తే రాని యంత్రం ఇంకా డిస్కు దాకా వెళ్లనే లేదు. డిస్కును చెరిపితే ఆ లోపం ఎలా పోతుంది?

విండోస్ పాడై ఫార్మాట్ నిజంగానే అవసరమైనా, ముందు ఫైళ్లు బయటికి తీయవచ్చు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా దాని నుంచే కంప్యూటర్‌ను నడిపి, అవసరమైనవి మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా ఆ సంకేతం కావాలి. లేదా డిస్కును విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. హార్డ్‌డిస్కు నుంచి ‘టిక్ టిక్’మని లయగా చప్పుడు వస్తుంటే మాత్రం ఈ ప్రయత్నాలేవీ చేయకండి. వెంటనే ఆపేయండి. లోపలి భాగం దెబ్బతిన్న డిస్కును ఆన్ చేసిన ప్రతిసారీ మిగిలినవి కూడా పోయే ప్రమాదం ఉంది. పొరపాటున ఫార్మాట్ అయిపోతే, పాత హార్డ్‌డిస్కుల్లో శీఘ్ర ఫార్మాట్ తరువాత సమాచారం చాలావరకు అక్కడే ఉంటుంది. దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా నిపుణులకు ఇస్తే తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఎస్.ఎస్.డి.లలో ఆ అవకాశం చాలా తక్కువ. చెరిపిన భాగాలను అవి తమంతట తామే శుభ్రం చేసేసుకుంటాయి.

దుకాణానికి ఇవ్వక తప్పనప్పుడు ఒక కాగితం రాసి క్యాబినెట్‌కు అంటించండి. ఏ రోజు, ఏం చేస్తుండగా ఆగింది, మీట నొక్కితే ఏం కనిపిస్తోంది, మీరు ఏవి మార్చి చూశారు, తెర మీది సందేశం అక్షరం పొల్లుపోకుండా. దాని కింద ఎర్రసిరాతో ఒక వాక్యం రాయండి: ‘నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు.’ డిస్కు విప్పడం మీకు వస్తే, దోషం డిస్కుది కాదని తేలినప్పుడు, దాన్ని ఇంట్లోనే ఉంచుకుని మిగతా పెట్టెను మాత్రం పంపినా తప్పులేదు.

అభ్యాసం

1. మీట నొక్కగానే ఫ్యాన్లు ఒక్క సెకను తిరిగి ఆగిపోతున్నాయి. ఏ దశలో లోపం ఉండవచ్చు? మీరు చేసే మొదటి మూడు పరీక్షలను వరుసగా రాసి, ఆ వరుసకు కారణం చెప్పండి.

2. మీ ఇంట్లో గానీ, అధ్యయన కేంద్రంలో గానీ ఉన్న ఒక కంప్యూటర్‌ను ఆన్ చేసి, మీట నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేవరకు కనిపించిన, వినిపించిన ప్రతి గుర్తునూ సమయంతో సహా నమోదు చేయండి. ఆ కాగితాన్ని కంప్యూటర్ దగ్గరే భద్రపరచండి.

3. ఆ కంప్యూటర్ డిస్కు ఈ రాత్రికి పాడైతే మీరు కోల్పోయే ఫైళ్లు ఏవి? వాటిలో మరోచోట నకలు లేనివాటి జాబితా తయారుచేయండి.